పంటు మీద చొక్కాల లెక్క

(నరసాపురంలో డిగ్రీ విద్యార్థులు, టైలర్లు, బట్టల కొట్ల వాళ్లు కూర్చున్న సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం అండి. వెనక బెంచీల దాకా వినపడుతోందా? సరే.

ముందు ఒక పని చేద్దాం. మీ పక్కన కూర్చున్న అబ్బాయి చొక్కా కింది అంచు కొంచెం మడిచి లోపలి వైపు చూడండి. అడిగి చూడండి బాబూ, చెప్పకుండా లాగకండి. (నవ్వులు) బయట ఎంత రంగుందో లోపలా అంతే ఉంటే అది నేతలో వచ్చిన డిజైను. ముందే నూలుకి రంగు వేసి, ఆ రంగు నూలుతో గళ్లో చారలో నేశారన్నమాట. లోపల వెలిసిపోయినట్టు ఉంటే అది ప్రింటు. నేసిన బట్ట మీద తర్వాత అద్దింది. ఎవరిది గళ్లు, ఎవరిది ప్రింటు, చేతులెత్తండి. చూశారా, ఈ హాల్లో గళ్లే ఎక్కువ. ఫోన్ తెరిస్తే మాత్రం కుర్రాళ్లంతా పూల చొక్కాల్లోనే తిరుగుతున్నట్టు ఉంటుంది. నా ఉద్యోగం ఈ రెండిటి మధ్య ఉందండి.

ఏం ఉద్యోగం అని అడుగుతారు. మగపిల్లల చొక్కాల మీదకి వచ్చే ఏడాది ఏ డిజైను, ఏ ప్రింటు రాబోతోందో వెతకడం. దీన్ని ఆఫీసులో ప్యాటర్న్ రీసెర్చ్ అంటాం. చేరిన కొత్తలో మా పాలకొల్లు వచ్చి, మా వీధి టైలర్ బాబాయ్‌తో గొప్పగా ఈ మాటే చెప్పాను. ఆయన గోడకి వేలాడుతున్న అట్టముక్కలు చూపించి, "ఇవేగా ప్యాటర్నులు, కావాలంటే పట్టుకెళ్లమ్మా" అన్నాడు. కటింగ్ అట్టలు! టైలర్‌కి ప్యాటర్న్ అంటే చొక్కా ఆకారం, డిజైనర్‌కి చొక్కా మీది బొమ్మ. అప్పుడు నవ్వుకున్నాను గానీ, ఆ రెంటికీ మధ్య ఉన్న తగువే నన్ను తర్వాత పెద్ద దెబ్బ కొట్టింది. అక్కడికి వస్తాను.

ఈ మాటలు నరసాపురంలో చెప్పడం నాకు వేరే రకంగా సంతోషం. పక్కనే మాధవాయపాలెం ఉంది కదా. ఈస్టిండియా కంపెనీ వాళ్లు అక్కడ బట్టల వ్యాపారం పెట్టారు. డెల్టాలో వాళ్ల ఏజెన్సీలు మూడు, ఇది, కోనసీమలో బెండమూర్లంక, యానాం దగ్గర ఇంజరం. వాళ్ల నోరు తిరగక మాధవాయపాలెం 'మడపొల్లం' అయింది. ఆ పేరుతో ఒక రకం మెత్తటి సాదా నూలు బట్ట లోకమంతా తిరిగింది. ఇప్పటికీ ఐరోపాలో ప్రింటింగ్ చేసే వాళ్ల జాబితాలో, ప్రింటు దిగడానికి బాగుండే బట్టగా ఆ పేరు కనపడుతుంది. నేను మొదటిసారి ఒక విదేశీ నమూనా పుస్తకంలో ఆ మాట చూసినప్పుడు, పక్క సీటు అమ్మాయికి "ఇది మా ఊరి పక్కనే" అంటే నమ్మలేదు.

ట్రెండ్ రిపోర్టు అనేది కూడా కొత్తగా పుట్టిందేమీ కాదండి. 1643లో లండన్ నుంచి కంపెనీ పెద్దలు సూరత్‌లోని తమ వాళ్లకి ఒక ఉత్తరం రాశారు. మీరు పంపే దుప్పట్లకి ఎర్ర నేల, అంటే బొమ్మల వెనక ఉండే రంగు, ఎక్కువ ఉంటోంది, ఇక్కడి వాళ్లకి అది అంతగా నచ్చడం లేదు, తెల్ల నేల మీద పూలూ కొమ్మలూ రంగుల్లో వేయించి పంపండి అని. ఏది అమ్మలేదు, ఎందుకు అమ్మలేదు, బదులు ఏం కావాలి. మూడూ ఉన్నాయి అందులో. నేను నలభై పేజీల్లో రంగురంగుల బొమ్మలు పెట్టి చెప్పేదీ అదే! ఆ తర్వాత మన దేశపు అద్దకాల మీద అక్కడ ఎంత పిచ్చి పుట్టిందంటే, 1700లో రంగులద్దిన నూలు బట్టల దిగుమతి మీదా, 1721లో వాటి వాడకం మీదా ఇంగ్లండు నిషేధం పెట్టింది. మగవాళ్లు కూడా ఇంట్లో వేసుకునే వదులు గౌనులు మన పూల అద్దకాలతో కుట్టించుకునే రోజులవి. మగవాడికి పూలేమిటి అని ఇక్కడ ముందు వరసలో ఒక పెద్దాయన ఇందాక అన్నారు, అందుకని చెప్తున్నానండి. (నవ్వులు)

సరే, నా పనిలోకి వస్తాను. పై నుంచి వచ్చే ట్రెండు ఎలా వస్తుందో తొందరగా చెప్పేస్తాను, అది ఎక్కడైనా దొరికే సమాచారమే. పారిస్‌లో ప్రిమియర్ విజన్ అని బట్టల ప్రదర్శన 1973 నుంచి జరుగుతోంది. మగవాళ్ల దుస్తులకి ఫ్లారెన్స్‌లో పిట్టి ఉవోమో అని ఇంకోటి, అది 1972 నుంచి. లండన్‌లో 1998లో మొదలైన డబ్ల్యూజీఎస్ఎన్ లాంటి కంపెనీలు రెండేళ్ల ముందే రంగులు, బొమ్మలు ఇవీ అని చెప్పి ఆ సమాచారం అమ్ముతాయి. మనకీ నిఫ్ట్ అనే ఫ్యాషన్ చదువుల సంస్థ వాళ్లు 2024 సెప్టెంబర్‌లో విజియోనెక్స్ట్ అని, భారతదేశపు ఫ్యాషన్ ధోరణుల కోసమే ఒకటి మొదలుపెట్టారు. విద్యార్థులు అది తప్పకుండా చూడండి. రంగులకి నంబర్లిచ్చే పాంటోన్ కంపెనీ ఏటా ఒక రంగు ప్రకటిస్తుంది. 2025కి కాఫీ లాంటి గోధుమ రంగు, 2026కి తెలుపు. తెలుపట! తెల్ల పంచె, తెల్ల చొక్కాలో చెరువు గట్టు మీద నిలబడిన మన రాజుగార్లకి ఎవరూ ఫీజు కట్టలేదు పాపం.

నేను వీటిని ఎగతాళి చేయడం లేదండి. చదువుతాను. కానీ వాటిలో ఉన్నది మన కుర్రాడి దాకా రావాలంటే మధ్యలో మిల్లు ఉంది, యంత్రం ఉంది, గుడ్డ తాను ఉంది. అది తెలియకుండా ట్రెండ్ గురించి మాట్లాడితే గాల్లో మాట్లాడినట్టే.

ఇందాక చొక్కా తిప్పి చూశారు కదా. గళ్ల బట్ట నేయాలంటే నూలుకి రంగు వేసేటప్పుడే ఏ గడి ఎంత వెడల్పో తేలిపోవాలి. అంటే చొక్కా కొట్లోకి రావడానికి చాలా నెలల ముందు. మనసు మారితే ఆ నూలు ఏం చేసుకోవాలి? ప్రింటు అలా కాదు. తెల్ల తానులు గోదాములో పెట్టుకుని, ఏ బొమ్మ అన్నది ఆఖర్లో తేల్చుకోవచ్చు. అందుకే గాలివాటం ముందు ప్రింటుకి తగులుతుంది, గళ్లకి తర్వాత. ఏదైనా హీరో సినిమాలో ఒక చొక్కా వేస్తే, ప్రింటు చొక్కా అయితే దాని నకలు కొద్ది రోజుల్లో బండి మీదకి వస్తుంది, గళ్ల చొక్కా అయితే దానికి దగ్గరగా ఉన్న పాత గళ్లు ఏవో తెచ్చి అదే ఇది అని అమ్ముతారు. కొట్ల వాళ్లు నవ్వుతున్నారు, అంటే నిజమే!

ప్రింటులోనూ రకాలున్నాయి. రోటరీ యంత్రంలో ఒక్కో రంగుకి ఒక్కో గొట్టం లాంటి స్క్రీను. ఆరు రంగులంటే ఆరు స్క్రీన్లు. మామూలుగా ఆ గొట్టం చుట్టుకొలత 64 సెంటీమీటర్లు. కాబట్టి బొమ్మ ఎంత పెద్దదైనా 64 దాటకుండా మళ్లీ మొదటికి రావాలి. ఇన్నేళ్లు మనం వేసుకున్న పూల చొక్కాల్లో పువ్వు సైజు, రంగుల సంఖ్య చాలావరకు ఈ గొట్టం, దాని ఖర్చు నిర్ణయించినవే. మన అభిరుచి అనుకుంటాం గానీ. డిజిటల్ ప్రింటు వచ్చాక స్క్రీన్లు లేవు, రంగుల లెక్క లేదు, కొద్ది మీటర్లు అయినా కొట్టి ఇస్తారు. చొక్కా నిండా ఒకే బొమ్మ, వీపు మీద పెద్ద పులి, ఇవన్నీ అందుకే ఒక్కసారిగా పెరిగాయి. కుర్రాళ్ల మనసు అంతలోనే మారిపోయిందని కాదు.

ఇప్పుడు నా దెబ్బ సంగతి.

నేను అప్పుడు బెంగళూరులో ఒక చొక్కాల కంపెనీలో ఉన్నాను, పేరు వద్దులెండి. బాస్ అడిగారు, మీది గోదావరి కదా, సంక్రాంతికి అక్కడి కుర్రాళ్లకి ఏం వేద్దాం అని. రిపోర్టులన్నీ ఆ ఏడాది సముద్రం, ఆకులు, కొబ్బరిచెట్లు అంటున్నాయి. నేను ఎగిరి గంతేశాను. కొబ్బరిచెట్టంటే మాదే! నీలం నేల మీద నిలువెత్తు కొబ్బరిచెట్లు గీయించాను. భీమవరం, అమలాపురం, రావులపాలెం, రాజమండ్రి, అన్ని చోట్లకీ పంపారు. పండక్కి నేనూ వచ్చాను, మావాళ్లు ఆ చొక్కాల్లో కనపడతారని. భోగి మంట దగ్గర చూశాను, పందెం బరుల దగ్గర చూశాను, కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థానికి వెళ్లి అంత జనంలోనూ వెతికాను. ఒక్కటంటే ఒక్కటి లేదు. అమలాపురంలో ఒక కొట్లో అడిగితే ఆయన అన్నాడు, "ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే, తోటలో కొబ్బరిచెట్లే. కాయల దింపు కూలి చూస్తే గుండె గుభేలుమంటోంది. మళ్లీ వంటి మీద కూడా అవేనా అమ్మాయిగారూ, ఆయ్!"

హాయిగా నవ్వారు మీరు. ఈ కథ ఎక్కడ చెప్పినా ఇలాగే నవ్వుతారు. రెండేళ్ల పాటు ప్రతి మీటింగులో చెప్పాను. ఉన్న చోట ఉన్న బొమ్మ అమ్మదు అని ఒక సిద్ధాంతం కూడా కట్టేశాను. బాసు కూడా మెచ్చుకున్నారు.

తర్వాత ఒకసారి రాజమండ్రి తాడితోట హోల్‌సేల్ మార్కెట్లో వేరే పని మీద తిరుగుతుంటే, ఒక కొట్లో కొబ్బరిచెట్ల చొక్కాలు వేలాడుతున్నాయి. మావి కావు, ఎవరివో. చిన్న చిన్న చెట్లు, చొక్కా అంతా చల్లినట్టు. ఎలా పోతున్నాయండీ అంటే, బాగానే పోతున్నాయి, ఇది మూడోసారి తెప్పించడం అన్నారు. నాకు నోట మాట రాలేదు. అప్పుడు మా పాత చొక్కా ఫొటో ఫోన్లో చూపించాను. ఆయన గుర్తుపట్టారు. గోదాములో ఇంకా రెండు ఉన్నాయని తీయించి, ఒకటి కొట్లో నిలబెట్టిన మనిషి బొమ్మకి తొడిగి బొత్తాలు పెట్టారు. "చూడండి, చెట్టు నడుం విరిగిపోయింది" అన్నారు.

నిజంగానే విరిగింది. నేను గీయించిన చెట్టు చొక్కా అంత పొడుగు. సరిగ్గా దాని మొద్దు మీద బొత్తాల పట్టీ పడింది. ఎడమ ముక్క ఒక చోట కోశారు, కుడి ముక్క ఇంకో చోట. కలిపితే సగం మొద్దు పైన, సగం మొద్దు కింద. తుఫానుకి పడిపోయిన చెట్టులా ఉంది. అంత పెద్ద బొమ్మ రెండు వైపులా కలవాలంటే గుడ్డ బాగా వృథా అవుతుంది, ఆ ధరకి ఏ ఫ్యాక్టరీ అంత గుడ్డ వదలదు. ఆయన ఇంకా అన్నారు, "పైగా ఇది పాలిస్టర్ క్రేపండి. చెమట పీల్చదు. మన ఉక్కలో బండి నడిపే కుర్రాడు ఇది వేసుకుని ఎంతసేపుంటాడు?" నేను కాగితం మీద ప్రింటు చూశాను. మా టైలర్ బాబాయ్ గోడకున్న అట్టలు మాత్రం గుర్తు చేసుకోలేదు.

దింపు కూలి కథ చెప్పిన ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకి అలా అనిపించింది. కానీ అది ఒక కొట్టు, ఒక మనిషి. అంత చక్కగా, అంత మన యాసలో చెప్పేసరికి ఇక నేను ఇంకెవర్నీ అడగలేదు. అప్పటినుంచీ ఎవరైనా మంచి కథ చెబితే నాకు టెన్షన్ పట్టుకుంటుంది.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. ఇక్కడి విద్యార్థులు చేయగలిగినవే చెప్తాను, ఖర్చు లేనివి.

మన రేవు ఉంది కదా, సఖినేటిపల్లి నుంచి గోదావరి దాటించే పడవ, పంటు, వస్తుంది. చొక్కాలు లెక్కపెట్టడానికి అంతకంటే మంచి చోటు ఈ జిల్లాలోనే లేదండి. ఎందుకంటే అందరూ ఒకే దారిన దిగాలి. బజార్లో అయితే మన కన్ను బాగున్న చొక్కా వెంట పోతుంది, మామూలు చొక్కా అసలు కనపడదు. పంటు దగ్గర ఎంచుకునే వీలు లేదు, వచ్చినవాణ్ణి వచ్చినట్టు రాయాలి. ఇరవై, పాతిక ఏళ్ల లోపు అని అనిపించిన ప్రతి అబ్బాయికీ ఒక గీత. సాదా, గళ్లు, చారలు, ప్రింటు, టీషర్టు. ప్రింటయితే బొమ్మ బొత్తాం కంటే చిన్నదా, అరచేయంతా, అంతకంటే పెద్దదా. నేల రంగు ముదురా లేతా. అంతే. ఫొటోలు తీయకండి, తగువులొస్తాయి. సోమవారం పొద్దున ఒకసారి, ఆదివారం సాయంత్రం ఒకసారి, పెళ్లిళ్ల సీజన్లో ఒకసారి లెక్కపెట్టండి. మూడు లెక్కలూ వేరువేరుగా వస్తాయి. కాలేజీకి వేసుకునే చొక్కా వేరు, చుట్టాలింటికి వెళ్లే చొక్కా వేరు. మొదటిసారి నా లెక్కలో సాదా చొక్కాలు ఎన్ని వచ్చాయంటే, ఏదో తప్పు రాశానని మళ్లీ పంటు కోసం నిలబడ్డాను.

రెండోది ఫ్లెక్సీలు. నిజం చెప్తున్నాను, నవ్వకండి. మన ఊళ్లలో పుట్టినరోజు, జాతర, అయ్యప్ప పడిపూజ, దేనికైనా ఫ్లెక్సీ. కింద వరసలో చిన్న చిన్న ఫొటోల్లో కుర్రాళ్లు. ప్రతివాడూ తనకి బాగా నచ్చిన చొక్కాలో దిగిన ఫొటోనే ఇస్తాడు. పైన తేదీ ఉంటుంది. ఊరి పేరుంటుంది. ఏ కంపెనీ సర్వేలోనూ ఇంత నిజాయితీ దొరకదు. పైన నడిమధ్య ఉన్న పెద్ద ఫొటోని మాత్రం వదిలేయండి, దానికి కోటు ఫ్లెక్సీ షాపువాడే తొడుగుతాడు. ఒకే ఊరి ఫ్లెక్సీలు మూడు నాలుగేళ్లవి, షాపువాళ్ల కంప్యూటర్లోనే ఉంటాయి, అడిగితే చూపిస్తారు. పేర్లు రాసుకోకండి, చొక్కాలు మాత్రమే రాసుకోండి. నాకు వాటిలో కనపడినది, మెడ దగ్గర బొమ్మ లేకుండా సాదాగా ఉండే చొక్కాల కంటే చిన్న బొమ్మ నిండుగా ఉన్నవి ఎక్కువ. బొటనవేలంత ఫొటోలో పెద్ద పువ్వు పడితే అది పువ్వో మరకో తెలియదు. కుర్రాళ్లు ఇది ఆలోచించి చేస్తారని అనను. కానీ ఎక్కువసార్లు ఫోన్ తెర మీదే కనపడే చొక్కాకి, ఎదురుగా కనపడే చొక్కాకి బొమ్మ సైజు ఒకటే ఎలా సరిపోతుంది?

మూడోది, టైలర్ల దగ్గర కత్తిరింపుల సంచి. ఇది రాను రాను తగ్గిపోతోంది, రెడీమేడ్ దెబ్బకి. ఉన్నంతవరకూ బంగారం. 1.60 మీటర్ల పీసులో మిగిలిన ముక్కలన్నీ అందులో ఉంటాయి. కస్టమర్ ఏం చెప్పాడో కాదు, ఏం కుట్టించుకున్నాడో అదే ఉంటుంది.

మగపిల్లల్ని నేరుగా అడిగితే ఏం చెప్తారో మీకు తెలుసు. "బాగుంది." "మామూలే." అంతకుమించి రాదు, అందులోనూ అడిగేది ఆడమనిషైతే మెడ వంచేస్తారు. అందుకని నేను అడగడం మానేశాను. పది గుడ్డముక్కలు చేతిలో పెట్టి, నువ్వు చచ్చినా వేసుకోనివి కింద పెట్టమంటాను. నచ్చినది ఎందుకు నచ్చిందో చెప్పలేనివాడు, నచ్చనిదాని మీద పావుగంట మాట్లాడతాడండి! "ఇది మా నాన్న చొక్కాలా ఉంది." "ఇది వేసుకుంటే గ్రూపులో ఏడిపిస్తారు." "ఇది అక్క నైటీ గుడ్డ." ఆ ఆఖరి మాట రాసుకోండి. రేయాన్ మీద మధ్యరకం పువ్వు, నేల గులాబి అయితే మన దగ్గర అది నైటీ. అదే పువ్వు నలుపు నేల మీద అయితే చొక్కా. పారిస్ రిపోర్టులో ఇది ఉండదు. ఇంట్లో అమ్మనో చెల్లినో కూడా అడగండి, బట్టలు ఉతికి ఆరేసేవాళ్లు వాళ్లు. ఏ చొక్కా వారానికి రెండుసార్లు తీగ మీదకి వస్తోందో, ఏది బీరువాలో అలాగే ఉందో వాళ్లకే తెలుసు.

ఇంటర్నెట్ గురించి రెండు మాటలు. గూగుల్ ట్రెండ్స్ వాడండి, ఉచితం. కానీ అందులో సున్నా నుంచి వంద దాకా కనపడేది ఎంతమంది వెతికారనే సంఖ్య కాదు, ఎక్కువ వెతికిన రోజుతో పోలిస్తే ఎంత అన్నది. వంద చూసి వందమంది అనుకునేరు. ఇన్‌స్టాగ్రామ్ అయితే ఇంకా మోసం. మీరు పూల చొక్కాలు పది చూస్తే పదకొండోది కూడా పూల చొక్కానే చూపిస్తుంది, లోకమంతా పూలే అనిపిస్తుంది. రీసెర్చ్‌కి వేరే ఖాతా పెట్టుకోండి.

ఒకటి చెప్పడం మరిచాను. సంక్రాంతికి పదిమంది స్నేహితులు ఒకే చొక్కా కుట్టించుకుంటారు చూడండి, అది విడిగా లెక్కించాలి. అక్కడ ఒక్కడికి బాగా నచ్చిన ప్రింటు గెలవదు, పదిమందిలో ఎవరికీ అడ్డం లేని ప్రింటు గెలుస్తుంది. తాను మొత్తం ఒకే లాట్‌లో దొరకాలి కూడా. అందుకే పండగ ఫొటోలు చూసి ట్రెండు తేల్చకండి.

(సభలో ఒక విద్యార్థి: మేడం, ఆ విరిగిన చెట్టు చొక్కా ఇప్పుడు మీ దగ్గర ఉందా?)

ఉంది తమ్ముడూ. ఆ తాడితోట ఆయన రెండిటిలో ఒకటి నాకు ఊరికే ఇచ్చేశారు, ఎలాగూ పోదు కదా అని. బ్యాగులోనే ఉంది, ఇదిగో. ముందు వరస నుంచి వెనక్కి పంపండి. బొత్తాలు పెట్టి చూడండి, తర్వాత విప్పి చూడండి. మీలో ఎవరైనా టైలర్లు ఉంటే, పట్టీని ఎటు జరిపితే ఆ చెట్టు కలుస్తుందో, ఎంత గుడ్డ పోతుందో నాకు చెప్పండి. నేను లెక్క వేశాను గానీ, మీ లెక్క కూడా కావాలి. తిరిగి మాత్రం ఇచ్చేయండి బాబూ.